ఒకటవ నంబరు వైమానికుడు

గుణదల కొండమీది శిలువ చెంత నిలిచి చూచినచో, గన్నవరమున దిగబోవు విమానము ఎత్తు తగ్గించుకొనుచు పోవుట కనబడును. కొండ దిగువ ఆడుకొను పిల్లలు ఆ మ్రోత వినగానే ఆట నిలిపి తలలెత్తుదురు. విమానము మనకిపుడు వింత కాదు. అయినను తలయెత్తి చూచుట మాత్రము మానలేదు. నిరుడు నావద్ద చదువుకొను విద్యార్థి యొకడు అట్లే చూచి, తరువాత నన్నొక ప్రశ్న వేసెను. కారు నడుపుట నేర్చుకొనవలెనన్న బెజవాడలో పేటకొక శిక్షణాలయము కలదు గదా. విమానము నడుపుట ఈ దేశమున మొట్టమొదట ఎవరు నేర్చిరి, ఎవరు నేర్పిరి, ఆ పాఠశాల యెవరిది అని. తెలుగు పాఠము చెప్పువానిని అడుగవలసిన ప్రశ్న కాదది. కాని విద్యార్థి అడిగినపుడు తెలియదని ఊరకుండుట తగదు గనుక నేనును కొంత చదివితిని. చదివినకొలది ఒక మనిషి జీవితమే నాకు సమాధానముగా తోచినది.

ఆ పాఠశాల సర్కారుది కాదు, ఏ కంపెనీదియు కాదు. విమానములన్న మోజుగల కొందరు కూడి, చందాలు వేసికొని, లాభము పంచుకొనకుండ నడపుకొనిన సంఘమది. ఇట్టి సంఘములు మనకు క్రొత్తవి కావు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది ఇట్లే. ఊరూర నాటక సమాజములు వెలసినది ఇట్లే. పుస్తకముమీది ప్రేమ గ్రంథాలయమును కట్టించినట్లే, ఆకాశముమీది ప్రేమ ఫ్లయింగు క్లబ్బును కట్టించినది. అట్టి క్లబ్బులలో ఒకటైన బొంబాయి ఫ్లయింగు క్లబ్బున శిక్షణ పొంది, 1929 ఫిబ్రవరి 10వ తేదీన భారతదేశమున జారీయైన వైమానిక లైసెన్సులలో ఒకటవ నంబరును అందుకొనినవాడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. లోకము జె.ఆర్.డి. అని పిలుచు మహనీయుడు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు మా గుణదలలో మేరీమాత ఉత్సవ దినములు గనుక ఆ తేదీ మాబోంట్లకు మరపురాదు.

గుణదలలో కొలువైన మాత ఫ్రాన్సు దేశపు లూర్దు మాత. జహంగీరు పుట్టినదియు ఆ ఫ్రాన్సు దేశముననే, 1904 జూలై 29న, పారిస్ నగరమున. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా పారశీకుడు, జంషెడ్జీ టాటాకు దగ్గరి జ్ఞాతి, వ్యాపారమున భాగస్వామి. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. పెండ్లి తరువాత సూనీ అయ్యెను. బాలుని తొలిపలుకులు ఫ్రెంచి పలుకులే. కుటుంబము బొంబాయి, పారిస్ నగరముల నడుమ తిరుగుచుండుటవలన చదువు ఒకచోట కుదురుగా సాగలేదు.

వేసవిలో ఆ కుటుంబము ఇంగ్లీషు ఛానలు తీరమున హార్డెలో అను గ్రామమున విడిది చేయుచుండెడిది. అచ్చట లూయీ బ్లేరియో అను ఇంజనీరు పొరుగువాడు. 1909 జూలై 25న తాను నిర్మించిన విమానముపై ఇంగ్లీషు ఛానలును మొదటిసారి దాటినవాడు ఈ బ్లేరియోయే. ఆయన క్రింద పనిచేయు వైమానికుడు పెగూ అప్పుడప్పుడు తన విమానమును ఆ ఇసుక తిన్నెలమీద దింపెడివాడు. కొయ్య చట్రము, గుడ్డ రెక్కలు, ఇనుప తీగలు గల ఆ యంత్రము సముద్రముపై తేలివచ్చి ఇసుకలో పరుగెత్తి ఆగుట చూచిన బాలునికి, ఆ దృశ్యము కన్నులలో నిలిచిపోయినది. పదునైదేండ్ల వయసులో అదే తీరమున ఒక విమానములో ప్రయాణీకుడుగా ఎక్కి కొలది నిమిషములు తిరిగివచ్చెను. ఆ దినముననే తాను వైమానికుడు కావలెనని నిశ్చయించుకొనెను. నిశ్చయము తీరుటకు మరి తొమ్మిది సంవత్సరములు పట్టినది.

ఆ తొమ్మిది సంవత్సరములు సుఖముగా గడువలేదు. 1923లో తల్లి మరణించెను. ఫ్రెంచి పౌరుడగుటచే ఒక సంవత్సరము ఆ దేశపు సైన్యమున అశ్వికదళములో పనిచేయవలసివచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరి ఇంజనీరింగు చదువవలెనని ఎంతో ఆశించెను. కాని తండ్రి 1925లో ఇంటికి పిలిపించి వ్యాపారమున పెట్టెను. మరుసటి సంవత్సరమే తండ్రియు గతించెను. ఇరువదిరెండేండ్ల యువకునిపై తమ్ములు, అక్కచెల్లెండ్రు, తండ్రి అప్పులు పడినవి. కళాశాల పట్టము లేదను కొరత ఆయనను జీవితాంతము బాధించినది. తరువాతి కాలమున ఎన్నియో విశ్వవిద్యాలయములు గౌరవ పట్టములిచ్చినను ఆ బాధ పోలేదు. రాత్రులు మేల్కొని పుస్తకములు ముందు వేసికొని, తాను పోగొట్టుకొనిన చదువును తానే సంపాదించుకొనెను. విద్యార్థులు ఈ సంగతిని గుర్తింపవలెనని నా కోరిక; పట్టము అక్కరలేదనుటకు కాదు సుమా, అది లేనివాడు దానికై ఎంత వగచెనో తెలియుటకు.

ఇక ఆ క్లబ్బుల పుట్టుక. 1898లో పారిస్‌లో ఫ్రాన్సు ఏరో క్లబ్బు స్థాపితమైనది. అప్పటికి ఇంజనుతో ఎగురు విమానమే పుట్టలేదు, సభ్యులు బెలూనులలో విహరించువారు. ఇంగ్లండులో 1901లో అట్టి క్లబ్బే ఏర్పడినది. 1905లో వివిధ దేశముల క్లబ్బులన్నియు కలిసి అంతర్జాతీయ వైమానిక సమాఖ్యను నిర్మించుకొనెను. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క క్లబ్బును గుర్తించి, వైమానికుని యోగ్యతాపత్రము ఇచ్చు అధికారమును ఆ క్లబ్బునకే అప్పగించిరి. దీనిలోని విశేషము గమనింపదగినది. ప్రభుత్వములు ఈ విద్యకు ఇంకను సరియైన చట్టములు వ్రాయకమునుపే, ఎవడు ఎగురుటకు యోగ్యుడో, ఎవడు కాడో నిర్ణయించినది అభిమానుల సంఘములు. జీతము లేని పెద్దలు కొలబద్ద పట్టుకొని నిలిచిరి. ఆ కొలబద్దను లోకము అంగీకరించినది.

మన దేశమున 1927లో ఏరో క్లబ్బు ఏర్పడి, భారత, బర్మా దేశముల ఏరో క్లబ్బుగా వ్యవహరింపబడెను. దానికి అనుబంధముగా ఢిల్లీ, కరాచీ, కలకత్తా, బొంబాయి నగరములలో ఫ్లయింగు క్లబ్బులు వెలసినవి. మదరాసులోను ఇంచుమించు ఆ కాలముననే ఒకటి వచ్చినది. ప్రభుత్వము కొన్ని చిన్న విమానములను, సాలుసరి సహాయధనమును ఇచ్చెను. మిగిలిన వ్యయము సభ్యుల చందాలవలనను, ఎగిరిన గంటల లెక్కన వసూలు చేయు రుసుమువలనను జరుగవలెను. మిగులు వచ్చినచో అది పెట్రోలునకు, మరమ్మతునకు పోవును గాని యెవరి జేబునకును పోదు.

క్లబ్బు విమానము పేరు మాత్. ఆంగ్లమున చిమ్మట పురుగు అని అర్థము. రెండు జతల రెక్కలు, ఒకరి వెనుక నొకరు కూర్చుండు రెండు తొట్లు, పైకప్పు లేదు. గురువునకొక జత చుక్కాని పరికరములు, శిష్యునకొక జత; రెండును కలుపబడియుండును. శిష్యుడు తప్పు చేసిన గురువు తన చేతితో సవరించును. గాలిహోరులో మాట వినబడదు గనుక రబ్బరు గొట్టముద్వారా మాట్లాడుకొనెడివారు. రెక్కలను వెనుకకు మడచినచో చిన్న కొట్టములో ఇమిడిపోవును. రేడియో లేదు. దారి తెలియవలెనన్న క్రింద రైలుపట్టా, నదియు, తీరమును చూచుకొనవలసినదే.

బొంబాయిలో క్లబ్బు తెరచిరని వినుటయే తడవుగా జహంగీరు జుహూ మైదానమునకు పరుగెత్తెను. చిన్నప్పటి కోరిక ఎంత గాఢమైనదో, నేర్పు అంత త్వరగా అబ్బినది. కొలది గంటల శిక్షణతోనే గురువు దిగిపోయి, ఒంటరిగా ఎగురుమని విమానమును ఆయన చేతికిచ్చెను. 1929 ఫిబ్రవరిలో చేతికందిన లైసెన్సుపై సంతకము ఏరో క్లబ్బు అధ్యక్షుడు సర్ విక్టర్ సాసూనుది. ఇచ్చట ఒక పొరపాటును సవరింపవలెను. విమానము నడిపిన తొలి భారతీయుడు జె.ఆర్.డి. అని కొందరు వ్రాయుదురు. అది సరికాదు. మొదటి ప్రపంచయుద్ధముననే ఇంద్రలాల్ రాయ్, హర్దిత్ సింగ్ మాలిక్ వంటి భారతీయులు బ్రిటిషు వైమానిక దళమున పోరాడిరి. రాయ్ 1918లో ఆ యుద్ధముననే ప్రాణములు కోల్పోయెను. భారతదేశమున శిక్షణ పొంది, భారతదేశమునందే జారీయైన లైసెన్సును మొదట పొందినవాడు జె.ఆర్.డి. అంతవరకే నిజము, అది చాలును. ఆ సంవత్సరముననే ఆయన ఫ్రెంచి పౌరసత్వమును వదలుకొనెను. మరుసటి సంవత్సరము థెల్మా వికాజీని వివాహమాడెను.

ఈ క్లబ్బులు ధనికుల విలాసములే గదా, వీనిని గ్రంథాలయములతో పోల్చుట తగునా అని ఎవరైన అడుగవచ్చును. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. గంటకు చెల్లింపవలసిన రుసుము సామాన్య గృహస్థునకు అందనిది. మన కృష్ణా మండలపు రైతుబిడ్డ యెవడైనను ఆనాడు మదరాసు పోయి ఎగురుట నేర్వవలెననుకొనినచో, ఎకరము తెగనమ్ముకొనవలసియుండెడిదేమో. కాని క్లబ్బులోపల, ఒకసారి తొట్టిలో కూర్చుండిన పిమ్మట, ధనికునకును కానివానికిని ఇంజను ఒకే విధముగా ఆగిపోవును. ఆ సమానత్వమునుండి ఒక మర్యాద పుట్టినది. దానికి తార్కాణము 1930లో జరిగిన పందెము.

ఆగాఖాన్ ఒక బహుమానమును ప్రకటించెను. ఇంగ్లండునుండి భారతదేశమునకు గాని, భారతదేశమునుండి ఇంగ్లండునకు గాని ఒంటరిగా, నిర్ణీత గడువులో ఎగిరిన మొదటి భారతీయునకు 500 పౌనులు. ముగ్గురు బరిలో దిగిరి. మన్‌మోహన్ సింగు తన విమానమునకు మిస్ ఇండియా అని పేరు పెట్టుకొనెను. రెండవవాడు ఆస్పీ ఇంజనీరు. ఇంకను పదునెనిమిదేండ్లు నిండని బాలుడు. ఆ యేటి మార్చిలోనే ఆర్.ఎన్. చావ్లా అను సహచరునితో కలిసి భారతదేశమునుండి ఇంగ్లండునకు ఎగిరిపోయినవాడు. ఇపుడు ఒంటరిగా తిరిగివచ్చుటకు సిద్ధపడెను. మూడవవాడు జె.ఆర్.డి. మన్‌మోహనుడును ఆస్పీయు ఇంగ్లండునుండి ఇటువైపు, జె.ఆర్.డి. కరాచీనుండి అటువైపు. 1930 మే 3న ఆయన కరాచీలో బయలుదేరెను.

ఆ ప్రయాణమును నేటి విమానయానముతో పోల్చుకొనరాదు. ఎండలో, ఇసుక గాలిలో పారశీక తీరము వెంబడి, ఇరాకు ఎడారులమీదుగా, పాలెస్తీనాకు, అచ్చటినుండి ఈజిప్టునకు. మోకాళ్ళమీద పటము పరచుకొని, దిక్సూచిని నమ్ముకొని, ప్రతి కొన్ని గంటలకు దిగి పెట్రోలు పోసికొనుచు పోవలెను. ఇంజను ఆగినచో దిగిన చోటే గతి.

ఈజిప్టున అలెగ్జాండ్రియా దరినున్న అబూకీరు విమానస్థలమున జె.ఆర్.డి. దిగునప్పటికి అచ్చట మరియొక మాత్ విమానము నిలిచియుండెను. అది ఆస్పీది. ఇంజనులో పెట్రోలు ఆవిరిని మండించు నిప్పురవ్వ స్పార్కు ప్లగ్గులనుండి రావలెను. ఆస్పీ విమానపు ప్లగ్గులు చెడిపోయినవి. అదనపు ప్లగ్గులు అతనివద్ద లేవు. తెప్పించుకొనుటకు దినములు పట్టును. పందెములో ఎదురువాడు ఎడారి అంచున చిక్కుకొని కూర్చున్నాడు. మాటాడక పెట్రోలు పోసికొని ఎగిరిపోయినచో జె.ఆర్.డి.ని తప్పుపట్టువా రెవరు? నియమములలో ఎదుటివానికి సాయపడవలెనని ఎచ్చటను లేదు. జె.ఆర్.డి. తన సంచి విప్పి, దూరప్రయాణమునకై తెచ్చుకొనిన అదనపు ప్లగ్గులను ఆస్పీకి పంచియిచ్చెను. బదులుగా ఆస్పీ తనవద్దనున్న నీట తేలు కవచమును తీసి జె.ఆర్.డి.కి ఇచ్చెను. మధ్యధరాసముద్రమును దాటివచ్చిన ఆస్పీకి ఇక దానితో పనిలేదు, దాటవలసిన జె.ఆర్.డి.కి అది ప్రాణాధారము. ఇద్దరును చేతులు కలిపి, ఒకడు తూర్పునకు, ఒకడు పడమరకు ఎగిరిరి.

ఆస్పీ మే 11న కరాచీ చేరెను. జె.ఆర్.డి. ఇంగ్లండు చేరుసరికి పందెము ముగిసినది. మన్‌మోహనుడు నడుమ ఫ్రాన్సులో దిగవలసివచ్చి గడువు దాటినందున అతనికి బహుమానము దక్కలేదు. ప్లగ్గు లిచ్చినవాడు ఓడెను, పుచ్చుకొనినవాడు గెలిచెను. దీనికై జె.ఆర్.డి. ఏనాడును విచారించిన జాడ లేదు; ఆస్పీ గెలుచుట మేలైనదనియే భావించెను. ఆస్పీ తరువాత భారత వైమానిక దళమున చేరి, 1960నుండి 1964 వరకు దానికి అధిపతిగా నుండెను. అతని తమ్ములు ముగ్గురును ఆ దళముననే పనిచేసిరి.

క్లబ్బులో నేర్చిన విద్య వ్యాపారమగుటకు నెవిల్ విన్సెంటు కారకుడు. బ్రిటిషు వైమానిక దళమున పనిచేసి, మన దేశమున ఊరూర తిరిగి జనులను విమానమెక్కించిన ఈ దృఢకాయుడు ఒక ఆలోచనతో టాటాలవద్దకు వచ్చెను. లండనునుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానము తపాలాను కరాచీ వరకు తెచ్చును. అచ్చటినుండి దక్షిణ దేశమునకు రైలే గతి. ఆ తపాలాను మనము విమానముపై మదరాసు వరకు చేర్చవచ్చునని అతని సూచన. సంస్థ పెద్ద దొరాబ్జీ టాటాకు ఇది రుచింపకున్నను, పెద్దల నచ్చచెప్పుడువలన రెండు లక్షల రూపాయల పెట్టుబడికి ఒప్పుకొనెను. ప్రభుత్వము సహాయధనము ఇయ్యజాలమనెను. మోసిన తపాలా బరువునుబట్టి కూలి యిచ్చిన చాలునని టాటాలు సాహసించి 1932లో ఒడంబడిక వ్రాసికొనిరి.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. కరాచీ డ్రిగ్‌రోడ్డు విమానస్థలమునుండి పస్ మాత్ అను చిన్న విమానములో తపాలా సంచులతో ఎగిరెను. అహమ్మదాబాదున దిగగా పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చినవి. ఎద్దుబండి ఊపిరిపోయగా విమానము మరల లేచి బొంబాయి జుహూ మైదానమున దిగినది. అచ్చట విన్సెంటు సంచులను అందుకొని, రాత్రికి బళ్ళారిలో విశ్రమించి, మరునాడు మదరాసు చేర్చెను.

బళ్ళారి పేరు వినగానే తెలుగువాని మనస్సు చివుక్కుమనును. ఆనాడది మదరాసు రాజధానిలోని ఊరు. తెలుగు నాటకమునకు ధర్మవరము రామకృష్ణమాచార్యులను, బళ్ళారి రాఘవను ఇచ్చిన ఊరు. 1953లో మైసూరు రాష్ట్రమునకు పోయినది. దక్షిణాపథపు తొలి విమాన తపాలా మార్గమున నడిమి మజిలీ ఆ పట్టణమగుట, అచ్చట రాఘవ ఇంకను న్యాయవాదిగా, నటుడుగా సంచరించుచుండగనే ఆ సంచులు దిగుట తలచుకొన్న ఏదో ఆనందము. కొన్ని సంవత్సరములకు బళ్ళారికి మారుగా హైదరాబాదు మజిలీ అయినది. బేగంపేటలో 1930లనాడే ఏరో క్లబ్బు పుట్టి, మన తెలుగునేలపై విమానవిద్యకు పునాది వేసినది.

జుహూ సంగతియు చెప్పదగినది. అది సముద్రపు ఒడ్డున బురదనేల. వర్షాకాలమున మైదానము నీట మునుగును. అపుడు విమానములు, సామగ్రి, మనుషులు అందరును పూనాకు తరలెడివారు. సిబ్బంది వేళ్ళమీద లెక్కింపదగినవారు. అయినను మొదటి సంవత్సరమున తపాలా ఒక్కనాడైన ఆలస్యము కాలేదు. కృష్ణా డెల్టాలో వానకాలమున రాకపోకల యిబ్బంది ఎరిగినవారికి ఆ ఖ్యాతి విలువ తెలియును.

తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. 1938లో ముప్పదినాలుగవ యేట ఆయన టాటా సంస్థలకు అధ్యక్షుడై అర్ధశతాబ్దికి పైగా ఆ స్థానమున నుండెను. ఉక్కు, మోటారులు, రసాయనములు, కాన్సరు ఆసుపత్రి, హోమీ భాభా కోరగా స్థాపించిన మౌలిక పరిశోధనా సంస్థ. ఇవన్నియు వేరుగా వ్రాయవలసిన అధ్యాయములు. విన్సెంటు 1942లో ఇంగ్లండునుండి తిరిగివచ్చుచు విమానముతోపాటు అదృశ్యుడయ్యెను. 1946లో టాటా ఎయిర్‌లైన్సు ఎయిర్ ఇండియా అయ్యెను. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అను విమానము బొంబాయినుండి లండనునకు ఎగిరినది. అంతకుమున్ను 1945లో నిజాము ప్రభుత్వమును, టాటాలును కలిసి హైదరాబాదున దక్కను ఎయిర్‌వేస్ స్థాపించిరి. ఇతర కంపెనీలు స్త్రీ యని త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌కు విమానము నడుపు పని ఇచ్చినది ఈ హైదరాబాదు కంపెనీయే. ఆమె మన దేశమున వాణిజ్య వైమానికురాలైన తొలి మహిళ. ఆమెకు విద్య నేర్పినదియు క్లబ్బే, అలహాబాదు ఫ్లయింగు క్లబ్బు.

1953లో ప్రభుత్వము విమాన కంపెనీలన్నిటిని జాతీయము చేసెను. తనతో ముందుగా సంప్రదింపకుండ నిశ్చయించిరని జె.ఆర్.డి. మిక్కిలి నొచ్చుకొనెను. తాను పెంచిన బిడ్డను ఇతరులెత్తుకొనిపోయినపుడు అలిగి తలుపు వేసికొనుట మానవ స్వభావము. ఆయన అట్లు చేయలేదు. నెహ్రూ కోరగా అంతర్జాతీయ సర్వీసుల సంస్థకు అధ్యక్షుడుగా నుండుటకు అంగీకరించి, ఇరువదియైదేండ్లు జీతము పుచ్చుకొనక పనిచేసెను. క్లబ్బు సభ్యుని లక్షణము నాకిచ్చట కనబడుచున్నది. సంఘమెవరిదైన నేమి, విమానము సరిగా ఎగురవలెను.

ఆ శ్రద్ధ ఎంతవరకు పోయెడిదనగా, ప్రయాణీకుడుగా ఎక్కినపుడెల్ల ఆయన చిన్న పుస్తకమున గుర్తులు వ్రాసికొని దిగగానే అధికారులకు పంపెడివాడు. తెరల రంగు, ఆసనముల వాలు, భోజనపు రుచి, తేనీరును కాఫీని రంగుచూచి పోల్చుకొనలేకపోవుట, అన్నియు అందులోనికెక్కును. బల్లపై దుమ్ము కనబడిన ఎవరినో పిలువక తానే తుడిచెడివాడు. మరుగుదొడ్డి అశుభ్రముగా నున్నను అంతే. దేశములోకెల్ల పెద్ద వ్యాపార సంస్థకు అధ్యక్షుడు ఈ పని చేయుట కొందరికి చాదస్తముగా తోచినది. మన పాఠశాలలలో నల్లబల్ల తుడువవలసివచ్చిన బంట్రోతుకై కేకవేసి కూర్చుండువారు ఆలోచింపదగినది.

1978 జనవరి 1న ఎయిర్ ఇండియా వారి చక్రవర్తి అశోక అను పెద్ద విమానము బొంబాయి వద్ద సముద్రమున కూలి 213 మంది మరణించిరి. మరుసటి నెలలో మొరార్జీ దేశాయి ప్రభుత్వము జె.ఆర్.డి.ని అధ్యక్ష పదవినుండి తొలగించెను. ఇరువదియైదేండ్ల సేవకు గౌరవముగా వీడ్కోలు చెప్పవలసిన పద్ధతి ఇది కాదని ఆనాడు పెక్కుమంది తలచిరి. నేనును అట్లే తలచుచున్నాను. ఆయన బాధను బయటపెట్టిన తీరు మాత్రము మితమైనది. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వము మరల డైరెక్టరుల మండలిలోనికి పిలువగా, అధ్యక్ష పీఠము కాకున్నను కాదనక వచ్చెను.

1982 అక్టోబరు 15 నాటికి తొలి తపాలా యానమునకు ఏబది సంవత్సరములు నిండినవి. జె.ఆర్.డి.కి డెబ్బదియెనిమిదేండ్లు. హృద్రోగ మున్నవాడు. ఒంటరిగా ఎగురుట వలదని అయినవారు, వైద్యులు వారించిరి. ఆయన కరాచీకి పోయి, లెపర్డ్ మాత్ అను పాత చిన్న విమానములో కూర్చుండి, తానే నడుపుకొనుచు అహమ్మదాబాదు మీదుగా జుహూకు వచ్చి దిగెను. తన యౌవనమున విమానయానమునం దుండిన సాహసము, ఆనందము పోయి అది వట్టి ఉద్యోగమైపోయినదని ఆయనకు దిగులు. పడుచువారికి ఆ ఆనందమును ఒక్కసారి కంటికి చూపవలెననియే ఆ పూనిక. దిగిన స్థలము ఏబదిమూడేండ్ల క్రిందట లైసెన్సు పొందిన ఆ జుహూయే.

1992లో భారతరత్న బిరుదము లభించినది. 1993 నవంబరు 29న జెనీవాలో తనువు చాలించెను. పార్లమెంటు సభ్యుడు కాకున్నను, ఆయన మృతికి సంతాపసూచకముగా పార్లమెంటు సమావేశమును వాయిదా వేసిరి. సంతానము లేదు. పుట్టిన పారిస్ నగరముననే పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

ప్రభుత్వమువారు ఎయిర్ ఇండియాను విక్రయించి 2022 జనవరి 27న టాటాలకు తిరిగి అప్పగించిరి. ఆయన గతించి అప్పటికి ఇరువదియెనిమిది సంవత్సరములు.